దోమలు మనకు కొత్తా అంటున్న మీ ఆయనకు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఆదోని. మా ఆయనకు 43 ఏళ్లు. పత్తి జిన్నింగ్ మిల్లులో ఫిట్టర్. ఉగాండాలో లీరా అనే ఊళ్లో ఉన్న జిన్నింగ్ మిల్లుకు రెండేళ్ల కాంట్రాక్టు మీద వెళ్తున్నారు. ఇంకో నెలా పదిహేను రోజుల్లో ప్రయాణం. ఆయనకు షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నారు. ఎల్లో ఫీవర్ కార్డు కావాలట. ‘ఇంజెక్షన్ కోసం అంత దూరం తిరగడం ఎందుకు, డబ్బులిస్తే కార్డు నేనే తెప్పిస్తా’ అంటున్నాడు ఏజెంటు. అక్కడ పనిచేస్తున్న మా బంధువుల అబ్బాయి ‘మలేరియా మాత్రలు ఇక్కడ ఎవరూ వేసుకోరు, వస్తే అప్పుడు చూసుకోవచ్చు’ అన్నాడు. మా ఆయన కూడా ‘దోమలు మనకు కొత్తా?’ అని కొట్టిపారేస్తున్నారు. మా అత్తమ్మ రోజూ బొప్పాయి ఆకు రసం తాగిస్తున్నారు. యూట్యూబ్‌లో ఎబోలా గురించి చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. అన్నీ కుదిరితే ఏడాది తర్వాత నేను, మా ఆరేళ్ల పాప కూడా వెళ్తాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పండి.
— ఒక సోదరి, ఆదోని

సమాధానం:

అమ్మా, మీ ఇంట్లో అందరికీ తలా ఒక అభిప్రాయం ఉంది. ప్రయాణం చేసే మనిషికి మాత్రం ఏ దిగులూ ఉన్నట్టు లేదు. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది అదే. కాబట్టి ఈ జవాబు మీకు రాస్తున్నా, సగం ఆయన కోసమే. రాత్రి భోజనాలయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి.

ముందు మీ ఎబోలా భయం సంగతి. ఉగాండాలో ఆ జబ్బు అప్పుడప్పుడూ బయటపడుతున్న మాట నిజమే. 2022 సెప్టెంబరులో మొదలైన వ్యాప్తి 2023 జనవరిలో ముగిసింది. 2025 జనవరిలో మళ్లీ రాజధాని కంపాలాలో వచ్చింది, ఏప్రిల్ నెలాఖరుకు ముగిసిందని ప్రకటించారు. అయితే అది గాలిలో తేలి వచ్చి పట్టుకునే జబ్బు కాదు. రోగి రక్తం, వాంతి, విరేచనం, చెమట లాంటివి తగలాలి, లేదా ఆ జబ్బుతో పోయినవాళ్ల శరీరాన్ని ముట్టుకోవాలి. అందుకే ఎక్కువగా రోగికి సేవ చేసిన ఇంటివాళ్లకు, ఆసుపత్రి సిబ్బందికి వస్తుంది. మిల్లులో యంత్రాలు బాగుచేసే మనిషికి వచ్చే అవకాశం చాలా తక్కువ. బయల్దేరే వారం ముందు వార్తలు చూసుకోండి, అక్కడ వ్యాప్తి నడుస్తుంటే చావులకు, ఆసుపత్రి పరామర్శలకు వెళ్లొద్దని చెప్పండి. ఎబోలా గురించి ఇంతకన్నా బుర్ర పాడుచేసుకోకండి.

మీరు అంతగా పట్టించుకోనిది, మీ ఆయన అసలు లెక్కలోకే తీసుకోనిది మలేరియా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం మీద 26 కోట్లకు పైగా మలేరియా కేసులు వచ్చాయి, దాదాపు 6 లక్షల మంది చనిపోయారు. ఆ చావుల్లో నూటికి 95 ఆఫ్రికాలోనే. కేసులు ఎక్కువగా ఉన్న మొదటి ఐదు దేశాల్లో ఉగాండా ఒకటి. ఏడాది పొడవునా, దేశమంతా, కంపాలాతో సహా మలేరియా ఉంటుంది. లీరా ఉన్న ఉత్తర ప్రాంతంలో ఇంకా ఎక్కువ.

ఇక ‘దోమలు మనకు కొత్తా?’ అన్న మాట. కొత్త కాదు. మలేరియా క్రిమిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ చూసింది కూడా మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. అందుకే ఆ తేదీని ప్రపంచ దోమల దినంగా జరుపుతున్నారు. కానీ దోమ కుట్టడం అలవాటైతే మలేరియా కూడా అలవాటైపోతుందని ఎవరు చెప్పారు? మీ ఆయనకు నలభై మూడేళ్లుగా కుట్టిన ఆదోని దోమల్లో మలేరియా మోసినవి ఎన్ని ఉంటాయి? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, బహుశా అవీ లేవు. లీరా చుట్టుపక్కల పల్లెల్లో పుట్టి పెరిగిన మనిషికి చిన్నప్పటి నుంచీ ఏటా ఆ క్రిమి ఒంట్లోకి పోతూనే ఉంటుంది. బతికి పెద్దయినవాళ్లకు కొంత తట్టుకునే శక్తి వస్తుంది. అది కూడా సగం సగమే. వాళ్లే లండన్ వెళ్లి కొన్నేళ్లుండి తిరిగి సొంతూరికి సెలవులకు వస్తే మలేరియాతో మంచాన పడుతుంటారు. ఆ శక్తి అంత త్వరగా కరిగిపోతుంది. మీ ఆయనకు అసలు లేనే లేదు. మలేరియా విషయంలో లీరాలో అడుగుపెట్టిన రోజున ఆయన పసిపిల్లాడితో సమానం.

పైగా రకం వేరు. మన దగ్గర చలి పెట్టి వణికించి, రోజు విడిచి రోజు వచ్చే వైవాక్స్ మలేరియాను చాలామంది చూసి ఉంటారు. మనిషిని బాగా నీరసపరుస్తుంది, ప్రాణం తీయడం అరుదు. ఉగాండాలో నూటికి 90కి పైగా కేసులు ఫాల్సిపారం రకం. మన దేశంలోనూ అది ఉంది గానీ అక్కడంత కాదు. ఆ క్రిమి చేరిన ఎర్ర కణాలు సన్నటి రక్తనాళాల గోడలకు అతుక్కుని మెదడుకు, మూత్రపిండాలకు రక్తం అందకుండా చేస్తాయి. పొద్దున జ్వరంతో లేచి మాట్లాడిన మనిషి మర్నాటికి స్పృహ తప్పొచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. జ్వరంలో షుగర్ ఒకవైపు పెరుగుతుంది, మలేరియా ముదిరితే ఉన్నట్టుండి ప్రమాదకరంగా పడిపోవచ్చు కూడా. ‘వస్తే అప్పుడు చూసుకోవచ్చు’ అన్న అబ్బాయికి ఈపాటికి రెండుమూడు సార్లు వచ్చే ఉంటుంది, అడిగి చూడండి. అతని అదృష్టం బాగుండి టైముకు మందు పడింది. అంతే.

మాత్రల విషయానికొస్తే, ‘మలేరియా మాత్ర’ అంటే చాలామందికి ఇప్పటికీ క్లోరోక్విన్ గుర్తొస్తుంది. మెడికల్ షాపులో అడిగితే అదే చేతిలో పెట్టే ప్రమాదమూ ఉంది. ఆఫ్రికా ఫాల్సిపారం మీద అది పనిచేయదు. మన దేశ మలేరియా మార్గదర్శకాల ప్రకారం ఆరు వారాల లోపు ప్రయాణానికి డాక్సీసైక్లిన్, అంతకు మించి ఉండేవాళ్లకు మెఫ్లోక్విన్. మెఫ్లోక్విన్ వారానికి ఒక మాత్ర, 250 మిల్లీగ్రాములు. ప్రయాణానికి రెండు వారాల ముందే మొదలుపెట్టాలి. ఒంట్లో మందు నిలదొక్కుకోవడానికి ఒక కారణమైతే, పడుతుందో లేదో ఇక్కడున్నప్పుడే తెలుసుకోవడం ఇంకో కారణం. కొందరికి పీడకలలు, తల తిరగడం, దిగులు, చిరాకు వస్తాయి. మూర్ఛ, మానసిక జబ్బు, గుండె లయలో తేడా ఉన్నవాళ్లకు ఇది ఇవ్వకూడదు. మీ ఆయనకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, డిప్రెషన్‌కు మందులు వాడారా అన్నది దాచకుండా డాక్టర్‌కు చెప్పాలి.

మెఫ్లోక్విన్ పడకపోతే డాక్సీసైక్లిన్ రోజుకొకటి, బయల్దేరే ముందు రోజు నుంచి. దీన్ని తిన్న తర్వాత, గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవాలి. వేసుకున్న వెంటనే పడుకుంటే గొంతు కింద అన్నవాహికలో ఆగి పుండు చేస్తుంది. ఎండకు చర్మం మండుతుంది, కాబట్టి టోపీ, ఫుల్ చేతుల చొక్కా. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు ఇది వద్దు. డాక్సీసైక్లిన్ పుట్టిన టెట్రాసైక్లిన్ కుటుంబానికి పెద్ద ఆరియోమైసిన్. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల సంస్థ పరిశోధనలకు పెద్దగా ఉన్న రోజుల్లోనే అది అక్కడ బయటపడింది. మాత్ర వేసుకోవడానికి మొహం చిట్లించినప్పుడల్లా ఈ సంగతి మీ ఆయనకు చెప్పండి, తెలుగు అభిమానమైనా పనిచేస్తుందేమో.

అటోవాక్వోన్–ప్రోగ్వానిల్ అని మూడోది ఉంది. మంచిదే గానీ ఖరీదెక్కువ, చిన్న ఊళ్ల షాపుల్లో దొరకడం కష్టం. ఏది వాడినా అక్కడి నుంచి వచ్చేశాక కూడా ఆపకూడదు. మెఫ్లోక్విన్, డాక్సీసైక్లిన్ అయితే ఇంకో నాలుగు వారాలు వాడాలి. ఏడాదికి సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడూ ఇదే లెక్క. మనవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. విమానం దిగి అమ్మ చేతి అన్నం తినగానే డబ్బా మూల పడేస్తారు.

‘రెండేళ్లూ మాత్రలేనా?’ అని ఆయన అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఎన్నాళ్లు, ఏ మందు అన్నది ఆయన్ను పరీక్షించిన డాక్టర్, తర్వాత లీరాలో చూసే డాక్టర్ కలిసి తేల్చాల్సిన విషయం. కనీసం మొదటి నెలలు, వానల కాలం తప్పించుకోవద్దని నా సలహా. మాత్ర నూటికి నూరు కాపాడుతుందనీ అనుకోవద్దు. రెండేళ్లూ ఒక్క రోజు కూడా మానకూడనిది దోమతెర.

దోమతెర అంటే మంచం మీద అలా వేలాడదీసేది కాదు. మందు పట్టించిన తెర కొనాలి, దోమ దాని మీద వాలితే చచ్చేది. ఉగాండాలోనే దొరుకుతుంది, ప్రభుత్వమే ఊళ్లలో పంచుతుంది కూడా. కానీ దిగిన మొదటి రాత్రికి ఎవరూ తెచ్చివ్వరు, ఒకటి ఇక్కడి నుంచే పెట్టెలో పెట్టండి. అంచులు పరుపు కిందికి నాలుగు వైపులా దోపాలి. పడుకునే ముందు లోపల సెల్‌ఫోన్ లైటు వేసి ఒకసారి చూడాలి, మూలల్లో ఒక్క దోమ ఉన్నా రాత్రంతా అది ఆయనదే. తెరకు ఆనుకుని చెయ్యి పెట్టుకుని నిద్రపోతే బయటి నుంచే కుడుతుంది. చిరుగుంటే ఆ రోజే సూది దారం. మలేరియా దోమ పొద్దు గూకినప్పటి నుంచి తెల్లవారే దాకా, ముఖ్యంగా అందరూ గాఢనిద్రలో ఉన్న వేళ కుడుతుంది. జిన్నింగ్ సీజన్లో మిల్లు రాత్రంతా నడుస్తుందని ఆదోనివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. నైట్ షిఫ్ట్ ఉంటే తెర పనికిరాదు. అప్పుడు ఫుల్ ప్యాంటు, ఫుల్ చేతులు, సాక్సులు, బయట కనిపించే చర్మానికి దోమల క్రీము, చెమటకు పోయినప్పుడల్లా మళ్లీ రాసుకోవడం. వేడికి బనీను మీద పనిచేసే అలవాటు ఇక్కడే వదిలేసి వెళ్లాలి. కాయిల్, లిక్విడ్ పెట్టుకోవచ్చు, తెరకు బదులుగా మాత్రం కాదు.

అత్తమ్మగారి బొప్పాయి ఆకు రసానికి మలేరియాను ఆపే శక్తి లేదు. పెద్దావిడ మనసు నొప్పించకుండా ఎలా మాన్పించాలో మీకే తెలుసు. ముందే షుగర్ మాత్రలు వాడే మనిషి, లెక్క లేకుండా రోజూ ఆకు రసాలు తాగించొద్దు.

ఇప్పుడు ఏజెంటు కార్డు. ఈ ఒక్క విషయంలో నాకు నిజంగా కోపం వచ్చింది. ఎల్లో ఫీవర్‌కు మందు లేదు. ఎక్కువమంది కొద్ది రోజుల జ్వరంతో బయటపడతారు గానీ, కామెర్లు, రక్తస్రావం దాకా వెళ్లినవాళ్లలో దాదాపు సగం మంది బతకరు. ఆపడానికి ఉన్నది టీకా ఒక్కటే. 1937లో తయారైన 17డి అనే బలహీనపరిచిన వైరస్‌తోనే ఇప్పటికీ ఆ టీకా చేస్తున్నారు, ఒక్క డోసు చాలు. అలాంటి దాన్ని వదిలేసి డబ్బులిచ్చి కాగితం కొనుక్కోవడమేమిటి? ఉగాండాలో దిగే ఎంటెబీ విమానాశ్రయంలో ఆ కార్డు అడుగుతారు. తిరిగొచ్చేటప్పుడు మన దేశంలోనూ అడుగుతారు. సరైన కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. మన అధికారులు ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఎల్లో ఫీవర్ మన దేశంలో లేదు, కానీ దాన్ని మోసే దోమ మాత్రం మన ప్రతి వీధిలోనూ ఉంది. డెంగీని మోసే ఆ పగటి దోమే ఇదీ మోస్తుంది. ఆదోనిలో ఎండాకాలం నీళ్లు పట్టి పెట్టుకునే డ్రమ్ముల్లో, కూలర్లలో పెరిగేది అదే. ఒక్క రోగి చాలు, ఇక్కడ అంటుకోవడానికి.

టీకా ప్రైవేటు క్లినిక్‌లలో ఎక్కడ పడితే అక్కడ వేయరు, కేంద్ర ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే. మీకు హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఉంది. రైలు సౌకర్యం చూసుకుంటే చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ కూడా అందుబాటులోదే. అన్ని రోజులూ వేయరు, ఒక సీసాలో చాలా డోసులుంటాయి, తెరిచిన కొన్ని గంటల్లో వాడేయాలి, అందుకని జనాన్ని కూడగట్టి వేస్తారు. ఫోన్ చేసి, రోజు ఖాయం చేసుకుని, ఒరిజినల్ పాస్‌పోర్టుతో వెళ్లాలి. టీకా వేసిన పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది, కాబట్టి చివరి వారం దాకా సాగదీయొద్దు. షుగర్ ఉన్నంత మాత్రాన ఈ టీకాకు అడ్డేమీ లేదు. గుడ్డు తింటే తీవ్రమైన ఎలర్జీ, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు, ఏదైనా పెద్ద జబ్బుకు చికిత్స లాంటివి ఉంటే అక్కడి డాక్టర్‌కు ముందే చెప్పాలి. ‘పదేళ్లకోసారి మళ్లీ వేయించుకోవాలి’ అని ఎవరైనా అంటే అది పాత మాట. 2016 జులై నుంచి ఈ కార్డు జీవితాంతం చెల్లుతుంది. కార్డు ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి, అసలు దాన్ని పాస్‌పోర్టుకు జత చేసి ఉంచండి.

మిగతా టీకాలు కర్నూలులోనో ఆదోనిలోనో వేయించుకోవచ్చు. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఒక్క డోసు, ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు. మన హైదరాబాదులో తయారైన టైఫాయిడ్ టీకానే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదంతో ఇప్పుడు ఎన్నో దేశాలు వాడుతున్నాయి. పదేళ్లలో ధనుర్వాతం టీకా వేయించుకోకపోతే టీడీ ఒకటి, ఇనుముతో పనిచేసే మనిషికి ఇది తప్పనిసరి. హెపటైటిస్ బి మూడు డోసులు, పూర్తి కావడానికి ఆరు నెలలు పడుతుంది, మొదటి రెండూ వెళ్లేలోపు పడతాయి. ఆఫ్రికాలో మెదడు పొరల వాపు జ్వరాలు (మెనింజైటిస్) ఎక్కువగా వచ్చే పట్టీలో ఉగాండా కూడా ఉంది కాబట్టి మెనింగోకాకల్ టీకా గురించీ అడగండి. కుక్క కరిస్తే పావుగంట సేపు సబ్బుతో ధారగా కడిగి, అదే రోజు టీకాకు వెళ్లాలి. పసుపు, కారం పెట్టడం లాంటివి వద్దు. పనిలో పనిగా పంటి డాక్టర్‌కు ఒకసారి చూపించండి. పరాయి దేశంలో పంటి నొప్పి అంత దిక్కుమాలిన నొప్పి ఇంకోటి లేదు.

ఇన్ని జాగ్రత్తలున్నా జ్వరం రావచ్చు. వస్తే ఆ రోజే పరీక్ష. రేపు చూద్దాం, సెలవు దొరకదు, పారాసెట్మాల్ వేసుకుని షిఫ్టుకు పోతా, ఇవేవీ కుదరవు. వేలి మీద సూది గుచ్చి పావుగంట, ఇరవై నిమిషాల్లో ఫలితం చెప్పే కిట్లు అక్కడ చిన్న క్లినిక్‌లలోనూ ఉంటాయి. నిజం చెప్పాలంటే మలేరియా గుర్తించడంలో లీరా డాక్టర్లకు ఉన్న అనుభవం మనకు లేదు. మొదటి పరీక్షలో లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించుకోవాలి. ఉన్నట్టు తేలితే ఆర్టిమీథర్–ల్యూమిఫాంట్రిన్ మూడు రోజుల కోర్సు, ఏదైనా కొవ్వు ఉన్న ఆహారంతో, పూర్తిగా. రెండో రోజుకు జ్వరం తగ్గిందని మిగిలిన మాత్రలు దాచుకోకూడదు. వాంతులు ఆగకపోయినా, మాట తడబడినా, మూత్రం నల్లగా వచ్చినా ఇక మాత్రలతో పని కాదు, ఆసుపత్రే.

మీరు దగ్గరుండి చూసుకోవాల్సిన ఘట్టం ఆయన తిరిగొచ్చాక మొదలవుతుంది. మన వైపు జ్వరం వైద్యం ఎలా నడుస్తుందో మీకు తెలుసు. వీధి చివర ఆర్‌ఎంపీ, ఒక వైడాల్ పరీక్ష, ‘టైఫాయిడ్ ఉంది’ అన్న మాట, ఒక గ్లూకోజు బాటిల్, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు. కాంగో నుంచి సెలవు మీద వచ్చిన డ్రైవర్ ఒకాయన్ను కొన్నేళ్ల కిందట మా దగ్గరికి తెచ్చారు. పల్లెలో సెలైన్లు ఎక్కించి ఎక్కించి, కళ్లు పచ్చబడి, పొంతన లేని మాటలు మాట్లాడుతుంటే అప్పుడు కర్నూలు దారి పట్టారు. చేతి మీద సూదుల గుర్తులు వరసగా ఉన్నాయి. ‘ఎక్కడి నుంచి వచ్చాడు?’ అని అడిగితే వెంట వచ్చిన బామ్మర్ది ‘హైదరాబాదు నుంచి సార్’ అన్నాడు. విమానం దిగింది అక్కడే కదా, ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. జేబులో బోర్డింగ్ పాస్ ముక్క దొరికాక గానీ కాంగో సంగతి బయటికి రాలేదు. రక్తం చుక్క మైక్రోస్కోపు కింద పెడితే కణం కణంలో ఉంగరాల్లా ఫాల్సిపారం. ఆర్టిసునేట్ ఇంజెక్షన్లతో బతికాడు, మూత్రపిండాలు కోలుకోవడానికి చాలా రోజులు పట్టింది.

అందుకని తిరిగొచ్చిన తర్వాత మూడు నెలల్లోపు, ఆ మాటకొస్తే ఏడాది లోపు, ఎప్పుడు జ్వరం వచ్చినా డాక్టర్ ముందు కూర్చోగానే మొదటి మాట ‘ఉగాండా నుంచి వచ్చాను’ అని ఉండాలి. ఎన్ని రోజుల నుంచి జ్వరం అన్నది రెండో మాట. ఆయన చెప్పలేని స్థితిలో ఉంటే మీరు చెప్పాలి, మీ మరిదికీ చెప్పి ఉంచండి. మలేరియా పరీక్ష రాయకపోతే మీరే అడగండి. డాక్టర్‌కు కోపమొస్తుందని మొహమాటపడొద్దు. మాత్రలు సరిగ్గానే వేసుకున్నా ఈ నియమం మారదు.

చిన్న చిన్నవి కొన్ని. అక్కడ మ్యాంగో ఫ్లై అని ఒక ఈగ ఉంటుంది. నీడలో ఆరేసిన తడి బట్టల మీద గుడ్లు పెడుతుంది. ఆ బట్ట తొడుక్కుంటే పురుగు చర్మంలో దూరి సెగ్గడ్డలా లేస్తుంది. ఇంట్లోనే ఆరేసుకోవాలి, లేదా బనీను, లోదుస్తులతో సహా ప్రతిదీ వేడి ఇస్త్రీ చేశాకే తొడుక్కోవాలి. ఇస్త్రీ పెట్టె పట్టని మగవాళ్లకు ఇదో మంచి అవకాశం. తుంగభద్ర కాలువలో ఈతకు దూకినట్టు అక్కడి చెరువుల్లో, నైలు నదిలో, విక్టోరియా, క్యోగా సరస్సుల్లో దూకకూడదు, మోకాలి లోతు నీళ్లలో నిలబడినా సరే. నత్తల నుంచి నీళ్లలోకి వచ్చే సన్నని పురుగు చర్మం గుండా లోపలికి పోతుంది. బిల్హార్జియా అంటారు, ఏళ్ల తరబడి ఉండి కాలేయాన్నో మూత్రకోశాన్నో పాడు చేస్తుంది. వట్టి కాళ్లతో మట్టిలో తిరగొద్దు, షుగర్ ఉన్న పాదానికి ఈ మాట రెండింతలు వర్తిస్తుంది. నీళ్లు కాచి తాగాలి. వీధిలో పెనం మీద నుంచి నేరుగా చేతికొచ్చే ఆమ్లెట్ చపాతీ ఫరవాలేదు, కోసి పెట్టిన పండ్లు వద్దు.

దోమల తర్వాత నేను ఎక్కువగా భయపడేది బోడా బోడాకు. ఊళ్లలో మనుషుల్ని ఎక్కించుకుని తిప్పే మోటారు సైకిళ్లు. ముగ్గురు ముగ్గురు ఎక్కుతారు, హెల్మెట్ ఉండదు. విదేశాల్లో ఆరోగ్యంగా ఉన్న ప్రయాణికుల ప్రాణాలు తీసే వాటిలో రోడ్డు ప్రమాదాలు ముందుంటాయి. ఒక మంచి హెల్మెట్ పెట్టెలో బరువైతే అక్కడ దిగగానే కొనుక్కోమనండి. రాత్రిపూట బోడా వద్దు.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ చెప్పకపోతే నా పని సగమే అవుతుంది. రెండేళ్లు ఒంటరిగా ఉండబోతున్న మనిషి. ఉగాండాలో పెద్దవాళ్లలో నూటికి ఐదుగురికి హెచ్‌ఐవీ ఉంది. నమ్మకం, అపనమ్మకం సంగతి మీ ఇద్దరిదీ. జాగ్రత్త సంగతి మాత్రం ఆయనకు తెలియాలి. మీకు ఇబ్బంది అనిపిస్తే టీకాలకు వచ్చినప్పుడు ఆయన్ను ఒక్కణ్నే లోపలికి పంపించండి, డాక్టర్ మాట్లాడతాడు.

సామాను సర్దేటప్పుడు షుగర్ మాత్రలు మూడు నెలలకు సరిపడా, చీటీతో సహా, చేతి సంచిలో పెట్టండి. చీటీ మీద కంపెనీ పేరు కాకుండా అసలు మందు పేరు రాయించండి, మెట్‌ఫార్మిన్ అంటే ఏ దేశంలోనైనా అర్థమవుతుంది. గ్లూకోమీటరు, స్ట్రిప్పులు, ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉండాలి. టికెట్ దుబాయి మీదుగా అయితే కారప్పొడి, మసాలా డబ్బాలు ఒకసారి చూసుకోండి. మన మసాలాల్లో వేసే గసగసాలు అక్కడ మాదకద్రవ్యాల కింద లెక్క, పట్టుబడితే జైలు దాకా వెళ్లొచ్చు. ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలూ అంతే.

ఈ ఖర్చులు మీరే భరించాలనేమీ లేదు. టీకాలు, మాత్రలు, దోమతెర, అక్కడ ఆసుపత్రి ఖర్చు, అవసరమైతే వేరే ఊరికి తరలించే ఖర్చు ఎవరివో కాంట్రాక్టు కాగితంలో ఉందేమో చూడండి. లేకపోతే సంతకం పెట్టకముందే ఏజెంటును అడగండి. దొంగ కార్డు తెప్పించే తీరిక ఉన్నవాడికి ఈ మాత్రం ఫోన్ చేసే తీరిక ఉండకపోదు.

మీరూ పాపా వెళ్లే సంగతి అప్పుడే తేల్చేయకండి. మలేరియాతో చనిపోయేవాళ్లలో ఎక్కువమంది ఐదేళ్ల లోపు పిల్లలు. మీ పాప ఆ వయసు దాటింది గానీ, తట్టుకునే శక్తి విషయంలో తండ్రిలాగే ఆమెకూ ఏమీ లేదు. పాపకు డాక్సీసైక్లిన్ పనికిరాదు, మిగతా మాత్రల మోతాదు బరువును బట్టి ఉంటుంది. ఈలోగా మీరు గర్భవతి అయితే లెక్కలన్నీ మళ్లీ మారతాయి, ఎల్లో ఫీవర్ టీకాతో సహా. ప్రయాణం ఖాయమయ్యాక, కనీసం రెండు నెలల ముందు, పాప బరువు, ఇప్పటిదాకా వేయించిన టీకాల కార్డు వివరాలు రాసి మళ్లీ ఉత్తరం పంపండి. ఆయన మెఫ్లోక్విన్ మొదలుపెట్టిన రెండు వారాల్లో నిద్ర ఎలా ఉందో కూడా అందులో రాయండి.